సిస్టరు గారు అన్నం తిన్నారా?



మన ఆసుపత్రి వరండాలో సలహాల పెట్టె ఉన్న సంగతి మీకు తెలుసు. అందులో పడిన చీటీలను నెలకొకసారి తీసి చదువుతాము. మొన్న తీసినప్పుడు ఒక చీటీలో ఇలా ఉంది: "మా నాన్నగారి సెలైన్ అయిపోతోందని చెప్పడానికి వెళితే సిస్టర్లు గదిలో కూర్చుని అన్నం తింటున్నారు. ఇదేనా మిషన్ ఆసుపత్రి సేవ?" రాసినవారు పేరు పెట్టలేదు.

వారి మీద నాకు కోపం లేదు. తండ్రి మంచం మీద ఉంటే ఏ బిడ్డకైనా కంగారుగానే ఉంటుంది. పైగా ఆ ఫిర్యాదులో సగం న్యాయమైనదే. మిగతా సగం మాత్రం పొరపాటు. ఏది న్యాయమో, ఏది పొరపాటో ఈ నెల మీతో వివరంగా మాట్లాడాలనుకుంటున్నాను. ఎందుకంటే ఇది మా సిస్టర్ల అన్నం సంగతి మాత్రమే కాదు. మీ ఇంటి మనిషికి వేసే ఇంజెక్షన్ సంగతి కూడా.

అసలు తింటున్నారా?

ఆ చీటీ చదివిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పకుండా మెడికల్ వార్డుకు వెళ్ళాను. డ్యూటీ రూములో బల్ల మీద క్యారియర్లు, టిఫిన్ బాక్సులు కలిపి ఆరు ఉన్నాయి. మూత తీసినది ఒక్కటే. అందులో కూడా సగం అన్నం అలాగే ఉంది. పెరుగు కలుపుకుని, ఎవరో పిలిస్తే చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళినట్టు తెలుస్తోంది. చీటీ రాసినవారు చూసినది కూడా బహుశా ఇలాంటి భోజనమే అయి ఉంటుంది.

ఒక్కొక్కరినీ అడిగాను. "డ్యూటీ దిగాక హాస్టల్‌కి వెళ్ళి తింటాను మేడమ్" అని ఒకరు అన్నారు. "పొద్దున రెండు ఇడ్లీ తిన్నాను, ఇంతలో అడ్మిషన్ వచ్చింది" అని మరొకరు అన్నారు. మంచినీళ్ళు ఎన్నిసార్లు తాగారని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయమ్మను అడిగితే "నాకు టీ చాలమ్మా" అని నవ్వింది. ఆ టీ కూడా మెట్ల దగ్గర నిలబడే తాగుతుందని నాకు తెలుసు.

ఇది మన ఆసుపత్రికే ఉన్న కష్టం కాదు. 2004లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 393 మంది నర్సులు తాము చేసిన డ్యూటీల వివరాలను రోజూ పుస్తకంలో రాశారు. అయిదు వేలకు పైగా డ్యూటీల లెక్క తీస్తే, రోగుల బాధ్యతను వేరొకరికి అప్పగించి నిశ్చింతగా కూర్చుని విరామం తీసుకున్నవి సగానికి తక్కువే. నూటికి పది డ్యూటీలలో అసలు ఏ విరామమూ లేదు. మిగిలిన వాటిలో తిన్నారు గానీ, ఒక చెవి వార్డు మీదే పెట్టి తిన్నారు. జీతాలు, వసతులు ఎంతో మెరుగ్గా ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, మన సంగతి మీరే ఊహించుకోవచ్చు.

ఎందుకు తీసుకోరు?

మొదటి కారణం, రిలీవ్ చేసేవారు లేకపోవడం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. మీరు ఏ ఆసుపత్రిలోనైనా రాత్రిపూట ఉండి ఉంటే, వార్డు మొత్తానికి ఒకే సిస్టరు, ఒకే ఆయమ్మ తిరగడం చూసే ఉంటారు. ఆమె కూర్చుంటే వార్డే కూర్చున్నట్టు. ఇక భోజనానికి ఎలా వెళుతుంది?

రెండవ కారణం, పని తెగకపోవడం. డాక్టరు గారి రౌండ్లు, మందులు, ఆపరేషన్ కేసు రావడం, డిస్‌చార్జి కాగితాలు, మధ్యలో ఎమర్జెన్సీ. "ఇది ముగించి తింటాను" అనుకుంటే ఆ "ఇది" ఎప్పటికీ ముగియదు.

మూడవది, మా పాత అలవాటు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆ కాలం నుండి మన తెలుగు ప్రాంతపు మిషన్ ఆసుపత్రులు సేవకు పేరు పొందాయి. ఆ పేరు మాకు గర్వకారణం. కానీ సేవ అంటే తనను తాను మరచిపోవడమే అని నేర్చుకున్న మాకు, అన్నం కూడా మరచిపోవాలేమో అన్న భావన ఎక్కడో చేరింది. మేము నర్సింగ్ స్కూల్లో ఉన్నప్పుడు సీనియర్ల ముందు కూర్చునేవాళ్ళం కాదు. తినకుండా పని చేసిన అమ్మాయిని మెచ్చుకునేవారు. నేను కూడా అలా మెచ్చుకున్నాను. ఈ విషయంలో తప్పు మా పెద్దవారిది, అందులో నాది కూడా.

నాలుగవది, తోటి సిస్టరు మీద భారం వేయడానికి మనసొప్పకపోవడం. తన ఎనిమిది మంది రోగులతోనే ఆమె సతమతమవుతుంటే, నా ఎనిమిది మందిని కూడా చూడమని ఎలా అడగను అనుకుంటారు.

అయిదవది, చూసేవారి మాట. "జీతాలు తీసుకుని కూర్చుంటున్నారు" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ అమ్మాయి వారం రోజులపాటు కూర్చోవడానికి భయపడుతుంది.

తినకపోతే ఏమవుతుంది?

ఒక పూట తినకపోతే ఆరోగ్యవంతురాలికి ప్రాణం మీదికి రాదు. ఆ మాట నిజమే. కానీ నర్సు పని కాళ్ళతోనూ చేతులతోనూ మాత్రమే చేసేది కాదు. మందు పేరు చదవాలి, మోతాదు లెక్క కట్టాలి, చుక్కలు లెక్కపెట్టాలి, రోగి ముఖంలో వచ్చిన మార్పు గమనించాలి. ఆకలితో, దాహంతో, అలసటతో ఉన్నప్పుడు మొదట తగ్గేది ఈ గమనమే. చెయ్యి ఆడుతూనే ఉంటుంది, మనసు అక్కడ ఉండదు. విసుగు పెరుగుతుంది. మీకు "ఆ సిస్టరు కసురుకుంది" అనిపించిన వేళ ఆమె ఎప్పుడు తిన్నదో అడిగి చూడండి. కసురుకోవడం సరైనదని నేను అనను, కానీ కారణం తెలిస్తే సరిచేయడం తేలిక.

నీళ్ళు తక్కువ తాగి, మూత్రం ఆపుకుని పని చేసే ఆడవారికి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం ఎక్కువ. బాత్‌రూముకు వెళ్ళే తీరిక ఉండదని నీళ్ళే మానేసేవారు మాలో చాలామంది. మన ఎండాకాలంలో ఇది మరింత ప్రమాదం. గంటల తరబడి నిలబడటం వల్ల కాళ్ళలో నరాలు ఉబ్బుతాయి, పాదాలు వాస్తాయి. షుగరు ఉండి మాత్రలో ఇన్సులినో వాడుతున్న సిస్టరుకు భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మాలో కూడా షుగరు, బి.పి. ఉన్నవారు ఉన్నారని మీరు గుర్తుంచుకోవాలి.

నైట్ డ్యూటీ సంగతి వేరు. రాత్రి మూడు నుండి అయిదు గంటల మధ్య మనిషి శరీరం సహజంగానే నిద్రకు లాగుతుంది. ఆ వేళకు ఒంట్లో వేడి కూడా తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. ఎంత మంచి నర్సు అయినా ఈ విషయంలో దేవుడు చేసిన శరీరాన్ని మార్చలేదు. ఆ వేళకు ముందే కొంచెం ఆహారం, కొద్దిసేపు కూర్చోవడం అవసరం.

ఇక్కడ ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నేను పైన చెప్పిన పరిశోధనలో, విరామం తీసుకున్న డ్యూటీలకూ తీసుకోని డ్యూటీలకూ మధ్య పొరపాట్లలో తేడా కనబడలేదు. అయితే అదే నర్సుల లెక్కలలో, ఒక్క బిగిన పన్నెండున్నర గంటలు, అంతకు మించి పని చేసినప్పుడు పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు పెరిగిందని తేలింది. కాబట్టి అరగంట విరామం ఇచ్చేస్తే అన్నీ సరిపోతాయని నేను చెప్పడం లేదు. అలసిన మనిషి చేతికి మందుల ట్రాలీ ఇవ్వకూడదు అంటున్నాను. విరామం అందులో ఒక భాగం, డ్యూటీని సమయానికి దింపడం మరొక భాగం.

నా చేతి మీదుగా జరిగినది

1990ల మధ్యలో నేను వేరొక ఆసుపత్రిలో కొత్తగా స్టాఫ్ నర్సుగా చేరాను. ఒకరోజు ఉదయం ఏడున్నరకు డ్యూటీ ఎక్కాను. మధ్యాహ్నం రావలసిన సిస్టరు పాపకు జ్వరమని రాలేదు. "రాత్రి వరకు నువ్వే చూడమ్మా" అన్నారు. కాదనలేదు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. సాయంత్రం ఆరు గంటలకు పెన్సిలిన్ ఇంజెక్షన్ కలుపుకుని ఒక పెద్దాయన మంచం దగ్గరకు వెళ్ళి చొక్కా చెయ్యి పైకి అనమన్నాను. ఆయన, "అమ్మా, నాకు ఇంజెక్షన్లు ఆపేశారుగా, రేపు ఇంటికి పొమ్మన్నారుగా" అన్నారు.

కేస్ షీటు చూశాను. ఆ ఇంజెక్షన్ ఎదురు వరసలోని వారిది. ఇద్దరి పేరూ ఒకటే, తండ్రి పేర్లు వేరు. నేను పేరు చదివి, తండ్రి పేరు చదవలేదు. పెన్సిలిన్ పడని వ్యక్తికి అది వేస్తే ఏమవుతుందో నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాను. చేతిలో సిరంజి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ పెద్దాయన నోట ఆ మాట పలికించినది దేవుడే అని ఈనాటికీ నమ్ముతాను.

వార్డు ఇన్‌చార్జి సిస్టరుకు చెప్పాను. ఆమె అడిగిన మొదటి మాట, "పొద్దుటి నుంచి ఏం తిన్నావు?" తన బాక్సులో అన్నం తీసి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఆ తరువాత జరిగినదంతా నాచేత పుస్తకంలో రాయించారు. తిట్టడం మానలేదు, అన్నం పెట్టిన తరువాత తిట్టారు. ఆ రోజు నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మన పెద్దలు "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అన్నది ఇందుకే. ఆనాడు నా ఆకలికి మూల్యం చెల్లించవలసి వచ్చేది నేను కాదు, ఆ పెద్దాయన.

ఆయమ్మలను మరువవద్దు

సిస్టర్ల విరామం గురించి కనీసం ఎవరో ఒకరు మాట్లాడతారు. ఆయమ్మలు, వార్డు బాయ్‌ల గురించి ఎవరూ మాట్లాడరు. బెడ్‌పాన్ పెట్టేది, రోగిని పక్కకు తిప్పేది, దుప్పటి మార్చేది, స్ట్రెచర్ తోసేది వారే. నడుము నొప్పి ఎక్కువగా వచ్చేది వారికే. చాలాచోట్ల వారికి కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు. సిస్టరు భోజనానికి వెళితే ఆమె పనిని అప్పగించడం అన్నది ఉంది. ఆయమ్మ వెళితే అప్పగింత లేదు, అందుకే ఎవరు పిలిచినా ముద్ద మధ్యలో లేచి రావలసి వస్తుంది. ఇది మేము దిద్దుకోవలసిన తప్పు.

కోవిడ్ రోజులు గుర్తు చేసుకోండి. 2020లోనూ 2021లోనూ ఒంటినిండా పి.పి.ఇ. కిట్ వేసుకుని, దాన్ని విప్పితే మళ్ళీ వేసుకోవడం కష్టమని, గంటల తరబడి నీళ్ళు తాగకుండా, బాత్‌రూముకు వెళ్ళకుండా పని చేశాము. 2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా గుమ్మాలలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు ఎంతో సంతోషించాము. ఈనాడు మాకు చప్పట్లు అక్కరలేదు, రోజుకు అరగంట చాలు.

వాక్యము ఏమి చెబుతున్నది?

మార్కు సువార్త 6వ అధ్యాయము 31వ వచనము చదవండి. వచ్చేవారు, పోయేవారు అనేకులు ఉండటంతో శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోయింది. మన ఓ.పి. రోజుల్లాగే! అప్పుడు ప్రభువు వారిని ఇంకా కష్టపడమని అనలేదు. ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. ఆ తరువాతనే అయిదువేల మందికి ఆహారం పెట్టిన సంగతి వస్తుంది.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయా ప్రవక్త విసిగి, ఇక చాలని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఏమి చేశాడు? మందలించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మరోసారి లేపి తినిపించాడు. ముందున్న ప్రయాణానికి శక్తి కావాలి గనుక. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే ప్రజల తగవులు తీరుస్తుంటే, ఆయన మామ యిత్రో, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు. పని పంచమన్నాడు. విరామం సేవకు అడ్డు అని వాక్యంలో ఎక్కడా లేదు.

లోకపు చట్టాలు కూడా ఇదే గ్రహించాయి. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, కార్మికుడు అయిదు గంటలకు మించి ఆపకుండా పని చేయకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలనీ రాశారు. నర్సింగ్ సిబ్బంది కోసమే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో 157వ సిఫారసు చేసింది. తగినంత భోజన విరామం ఉండాలని, మధ్యలో ఇచ్చే చిన్న విరామాలను పని గంటలలోనే లెక్కించాలని, ఒక డ్యూటీకి మరొక డ్యూటీకి మధ్య కనీసం పన్నెండు గంటల విశ్రాంతి ఉండాలని అందులో ఉంది.

మరి ఆ అరగంట మా పేషెంటును ఎవరు చూస్తారు?

ఇదే మీ అసలు ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. చీటీ రాసినవారి ఫిర్యాదులో న్యాయమైన సగం ఇదే. సిస్టరు తినడం తప్పు కాదు. ఆమె తింటున్నప్పుడు ఎవరిని పిలవాలో ఆ కుటుంబానికి ఎవరూ చెప్పకపోవడం తప్పు. అది మా తప్పు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారు నర్సింగ్ గురించి రాసిన పుస్తకం 1859లో అచ్చయింది. అందులో ఆమె పట్టుబట్టి చెప్పిన సంగతి ఒకటి ఉంది. నువ్వు ఉన్నప్పుడు జరిగే పని, నువ్వు లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడమే మంచి నర్సు లక్షణం అని ఆమె భావం. ఎప్పుడూ కదలకుండా ఉండటం గొప్ప కాదు, కదిలినా రోగికి లోటు రాకుండా చూడటం గొప్ప.

అందుకని ఈ నెల నుండి వార్డులలో ఈ మార్పులు చేస్తున్నాము. సిస్టర్లు, ఆయమ్మలు రెండు జట్లుగా విరామానికి వెళతారు. వెళ్ళేముందు రోగి పక్కనే నిలబడి అప్పగింత చేస్తారు. ఎవరికి సెలైన్ నడుస్తోంది, ఎవరికి ఏ గంటకు మందు, ఎవరిని జాగ్రత్తగా కనిపెట్టాలి అన్నవి నోటితో చెప్పి, పుస్తకంలో రాస్తారు. ఆ అరగంట బాధ్యత ఎవరిదో కౌంటరు దగ్గర బోర్డు మీద పేరు ఉంటుంది. రాత్రిపూట ఒకే సిస్టరు ఉన్న వార్డుకు నైట్ సూపర్‌వైజర్ వచ్చి నిలబడతారు. అవసరమైతే నేను వస్తాను. ఆయమ్మల పేర్లు కూడా విరామం జాబితాలో ఉంటాయి, వారికి కుర్చీలు వేయిస్తున్నాము.

సెలైన్ గురించి ఒక మాట

చీటీ రాసినవారి భయం సెలైన్ గురించి కనుక అది కూడా చెప్పాలి. సీసా అయిపోగానే గాలి రక్తంలోకి ఎక్కి ప్రాణం పోతుందని చాలామంది భయపడతారు. స్టాండుకు వేలాడదీసిన మామూలు సీసా అయిపోతే, ట్యూబులో ద్రవం కొంతదూరం దిగి సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. రక్తనాళంలో ఉండే ఒత్తిడే దాన్ని ఆపుతుంది. ఎక్కువగా జరిగేది, రక్తం కొంచెం ట్యూబులోకి వెనక్కి వచ్చి సూది మూసుకుపోవడం. అప్పుడు మళ్ళీ సూది గుచ్చవలసి వస్తుంది. అది బాధే, అందుకే సమయానికి మార్చాలి. సీసాలో కొంచెం ఉండగానే బోర్డు మీద పేరున్న సిస్టరుకు చెప్పండి. మీరు ట్యూబు లాగడం, చుక్కల వేగం మార్చడం చేయవద్దు.

మీరు చేయగలిగినవి

1. ఊపిరి ఆడకపోవడం, గుండె నొప్పి, రక్తం పోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, పిలిస్తే పలకకపోవడం, ఇంజెక్షన్ వేశాక దద్దుర్లు లేక ఆయాసం, సెలైన్ పెట్టిన చెయ్యి వాచి మండటం. వీటికి ఏ వేళనైనా, ఎవరినైనా పిలవండి. అన్నం తింటున్నవారైనా లేచి వస్తారు. దీనికి సందేహించవద్దు.

2. దుప్పటి, ఫ్యాను, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, డిస్‌చార్జి ఎప్పుడు వంటి వాటికి ముందు బోర్డు చూసి, బాధ్యతలో ఉన్నవారిని అడగండి. డ్యూటీ రూము తలుపు తట్టవద్దు.

3. మందుల ట్రాలీతో ఉన్న సిస్టరును మధ్యలో మాటలలో పెట్టవద్దు. మోతాదు లెక్క తప్పేది అక్కడే.

4. మందు ఇచ్చేముందు సిస్టరు పేరు, తండ్రి లేక భర్త పేరు అడిగితే విసుక్కోకుండా చెప్పండి. ఆమె అడగకపోతే మీరే చెప్పండి. మీకు అనుమానం వస్తే "ఇది మాకేనా అమ్మా?" అని అడగండి. నన్ను ఒకనాడు కాపాడినది అలాంటి మాటే.

5. సందర్శన వేళలు పాటించండి. ఒక్కొక్క రోగి దగ్గర పదిమంది చేరితే, మేము తినవలసిన అరగంట అందరికీ జవాబులు చెప్పడంలోనే పోతుంది.

6. కూర్చుని ఉన్న సిస్టరును చూసి వెంటనే నిందించవద్దు. కేస్ షీటు రాయడం కూడా కూర్చునే చేస్తాము.

మీ ఇంట్లో కూడా

చివరిగా మరొక మాట. మంచాన పడిన అత్తగారినో, తండ్రినో ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నాయి. అక్కడ నర్సు ఎవరు? ఎక్కువ ఇళ్ళలో కోడలో, కూతురో. పిల్లలు దూరదేశాలలో ఉన్న ఇళ్ళలో నెల జీతానికి పెట్టుకున్న అమ్మాయి. ఆమె ఎప్పుడు తింటోంది? ఎప్పుడు పడుకుంటోంది? రాత్రి రెండుసార్లు లేచి పక్క మార్చే మనిషికి పగలు రెండు గంటలు నిద్ర కావాలి. ఆదివారం ఆరాధనకు ఆమె రాలేకపోతుంటే, సంఘంలో ఎవరైనా ఒకరు వెళ్ళి ఆ రెండు గంటలు పెద్దవారి దగ్గర కూర్చోండి. స్త్రీల సమాజం వారు వంతులు వేసుకుంటే ఇది పెద్ద పని కాదు. ప్రార్థన చేసి రావడం మంచిదే. ప్రార్థన చేసి, ఆమెను పడుకోమని చెప్పి మీరు కూర్చోవడం ఇంకా మంచిది.

సలహాల పెట్టెలో చీటీ వేసిన సోదరునికి లేక సోదరికి: మీరు రాసినందుకు వందనములు. మీ నాన్నగారి విషయంలో మీకు కలిగిన కంగారుకు క్షమించండి. ఈసారి మీరు వార్డుకు వచ్చినప్పుడు బోర్డు చూడండి. పేరు లేకపోతే మళ్ళీ చీటీ వేయండి, ఈసారి మీ పేరు కూడా రాయండి, నేనే వచ్చి మాట్లాడతాను. పేరు ఉండి, మీ సిస్టరు డ్యూటీ రూములో అన్నం తింటూ కనబడితే, ఆమెను తిననివ్వండి. అరగంట తరువాత మీ నాన్నగారి దగ్గరకు వచ్చేది ఆమే.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను దీవించి కాపాడును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్